కరెంటు తగ్గింది, నమ్మకం తగ్గలేదు: ఎథీరియం అప్‌గ్రేడ్ నేర్పే పాఠం

ఈ నెల పేరెంట్స్ పాఠం – 7 నుంచి 10వ తరగతి పిల్లలతో కలిసి చదవండి



"బ్లాక్‌చైన్ అంటే ఏంటి?" అని పిల్లలు అడిగితే మన ఇళ్లలో చాలావరకు వచ్చే జవాబు ఒకటే: "అదేదో బిట్‌కాయిన్ గొడవ, మనకెందుకు?" ఆ జవాబులో సగం నిజం ఉంది. కాయిన్లు కొనడం, అమ్మడం పిల్లల పని కాదు. కానీ దాని వెనుక ఉన్న ఆలోచన స్కూలు లెక్కల్లోంచే వచ్చింది. భాగహారంలో శేషం, ఘాతాలు, సంభావ్యత తెలిస్తే చాలు, బ్లాక్‌చైన్ సగం అర్థమైనట్టే.

ఈ పాఠానికి ఎంచుకున్న ఉదాహరణ ఎథీరియం. 2015 జులైలో మొదలైన ఈ నెట్‌వర్క్ ప్రపంచంలోని పెద్ద బ్లాక్‌చైన్లలో ఒకటి. 2022 సెప్టెంబరులో ఇది తన పనితీరు మార్చుకుని, కరెంటు వాడకాన్ని 99.9 శాతానికి పైగా తగ్గించుకుంది. ఆ తర్వాత వేగం పెంచుకునే పనిలో పడింది. ఇది ఎలా జరిగిందో తెలుసుకుంటే లెక్కలతో పాటు ఇంకొకటి కూడా పిల్లలకు వస్తుంది. డబ్బు విషయంలో ఎవరినైనా నమ్మే ముందు ఏ ప్రశ్న అడగాలో తెలుస్తుంది.

కంప్యూటర్ అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, పెన్ను, నాలుగు లూడో పాచికలు దగ్గర పెట్టుకోండి.

1. అందరి చేతిలో ఒకే లెక్క

ఇరవై మంది కలిసి చిట్టీ వేశారనుకుందాం. ఎవరు ఎంత కట్టారు, ఏ నెల ఎవరు పాడుకున్నారు, ఎవరికి ఎంత ఇచ్చారు అన్న లెక్క ఒక్కరి పుస్తకంలోనే ఉంటే, ఆ పుస్తకాన్ని, ఆ మనిషిని నమ్మక తప్పదు. ఆ పుస్తకం పోయినా, అందులో అంకె మారినా మిగతా 19 మంది చేతిలో రుజువు ఉండదు.

ఇప్పుడు పద్ధతి మార్చుదాం. ప్రతి నెలా పాట అయిపోగానే ఇరవై మందీ తమ తమ నోటుబుక్కుల్లో అదే లెక్క రాసుకుంటారు. ఒకరు తమ పుస్తకంలో అంకె దిద్దినా, మిగతా పుస్తకాలతో పోలిస్తే దొరికిపోతారు. బ్లాక్‌చైన్ అంటే మొదటి మెట్టులో ఇంతే. ఒకే లెక్కల పుస్తకం నకళ్లు వేల కంప్యూటర్లలో ఉంటాయి. అందులో ఒక్కో పేజీని బ్లాక్ అంటారు. పేజీలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి చైన్ అంటారు.

ఆ ముడి ఎలా వేస్తారన్నదే అసలు లెక్క. దాన్ని ఇంట్లోనే చేసి చూడొచ్చు.

2. ఇంట్లో చేసి చూడండి: ముద్ర సంఖ్య

ఇంటి ఖర్చులు మూడు పేజీల్లో రాయించండి. ప్రతి పేజీ కింద ఒక 'ముద్ర సంఖ్య' వేయాలి. నియమం ఇది: ఈ పేజీ మొత్తానికి కిందటి పేజీ ముద్ర కలపాలి, 97తో భాగించాలి, వచ్చిన శేషమే ఈ పేజీ ముద్ర. మొదటి పేజీకి ముందు పేజీ లేదు కాబట్టి 0 కలపాలి.

పేజీ 1: పాలు 60, కూరగాయలు 145. మొత్తం 205. 97తో భాగిస్తే శేషం 11. ముద్ర 11.

పేజీ 2: ఆటో 40, నోటుబుక్కులు 180. మొత్తం 220. దీనికి 11 కలిపితే 231. శేషం 37. ముద్ర 37.

పేజీ 3: బియ్యం 1,250, నూనె 155. మొత్తం 1,405. దీనికి 37 కలిపితే 1,442. శేషం 84. ముద్ర 84.

ఇప్పుడు మొదటి పేజీలో పాలు 60ని 80గా దిద్దమనండి. ముద్రలు మళ్లీ కట్టించండి. 11 ఉన్నచోట 31 వస్తుంది, 37 ఉన్నచోట 57, 84 ఉన్నచోట 7. మొదటి పేజీలో ఒక్క అంకె మారితే చివరి పేజీ ముద్ర దాకా అన్నీ మారిపోయాయి. అంటే మీరు చివరి పేజీ ముద్ర ఒక్కటి గుర్తు పెట్టుకున్నా సరే, వెనక ఎక్కడ దిద్దినా తెలిసిపోతుంది.

అసలు బ్లాక్‌చైన్‌లో ఈ ముద్రను హ్యాష్ అంటారు. దాని సూత్రం మన 97 భాగహారం కన్నా చాలా కఠినం. మన సూత్రంలో ఒక లొసుగు కూడా ఉంది. అదేమిటో పాఠం చివర ప్రశ్నగా ఇచ్చాం, జవాబు చూడకముందే పిల్లలను ప్రయత్నించనివ్వండి.

3. తర్వాతి పేజీ ఎవరు రాయాలి?

చిట్టీలో ఇరవై మందీ ఒకరికొకరు తెలిసినవాళ్లు. కానీ ఎథీరియంలో పుస్తకం పట్టుకున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, ఎవరికి ఎవరూ తెలియదు. తర్వాతి పేజీ ఎవరు రాయాలో ఓటు వేసి తేల్చుకుందామంటే, ఒక్కడే వెయ్యి దొంగ పేర్లతో వచ్చి వెయ్యి ఓట్లు వేయొచ్చు. కాబట్టి ఓటుకు ఏదో ఒక ఖర్చు ఉండాలి. దొంగ ఓటు వేయడం గిట్టుబాటు కాకూడదు.

మొదట కనిపెట్టిన ఉపాయం పాచికల ఆట లాంటిది. నాలుగు పాచికలు ఒకేసారి వేసి నాలుగూ ఒకట్లు పడేదాకా వేయమనండి. ఒక్కో పాచికకు 6 ముఖాలు, నాలుగింటికి కలిపి 6 × 6 × 6 × 6 = 1,296 రకాలుగా పడొచ్చు. అంటే సగటున 1,296 సార్లు వేస్తే ఒకసారి దక్కుతుంది. వేసేవాళ్లకు చెయ్యి నొప్పి పుడుతుంది. కానీ పడ్డాయో లేదో చూసేవాళ్లకు ఒక్క చూపు చాలు.

పాత పద్ధతిలో కంప్యూటర్లు చేసింది ఇదే. ఫలానా విధంగా ఉండే హ్యాష్ దొరికేదాకా గుడ్డిగా అంకెలు మార్చి మార్చి చూడాలి, అడ్డదారి లేదు. ముందు దొరికినవాళ్లు పేజీ రాసి బహుమతిగా కాయిన్లు తీసుకుంటారు. దీన్నే మైనింగ్ అంటారు, పద్ధతి పేరు ప్రూఫ్ ఆఫ్ వర్క్. దొంగ పేజీ రాయాలంటే మిగతా అందరి కన్నా ఎక్కువ పాచికలు వేయాలి, అంటే అందరి కన్నా ఎక్కువ కరెంటు కాల్చాలి. పుస్తకానికి కాపలా కాసింది ఆ కరెంటు బిల్లే.

చిక్కు ఎక్కడంటే, ఒక్కరు గెలిచే ప్రతి ఆటలో ఓడిపోయిన వేలమంది కాల్చిన కరెంటంతా వృథా. కాయిన్ ధర పెరిగిన కొద్దీ ఆడేవాళ్లు పెరుగుతారు. ఆడేవాళ్లు పెరిగితే ఆట ఇంకా కష్టమయ్యేలా నియమం దానంతట అదే మారుతుంది. అంటే ఎన్ని కంప్యూటర్లు చేరినా రాసే పేజీల సంఖ్య పెరగదు, కరెంటు మాత్రం పెరుగుతుంది.

ఎంత కరెంటు? ఈ నెట్‌వర్క్‌ల వాడకాన్ని లెక్కగట్టే క్రిప్టో కార్బన్ రేటింగ్స్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం, మార్పుకు ముందు ఎథీరియం ఏడాదికి సుమారు 2,290 కోట్ల యూనిట్లు వాడేది. ఇంకా ఎక్కువ చెప్పిన అంచనాలూ ఉన్నాయి. మన లెక్కలోకి తెచ్చుకుందాం. నల్లమలలో, నాగర్‌కర్నూల్ జిల్లా వైపున ఉన్న శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 900 మెగావాట్లు. అంటే గంటకు 9 లక్షల యూనిట్లు. ఏడాదికి 8,760 గంటలు. నీళ్లు తగ్గకుండా, ఒక్క గంట కూడా ఆగకుండా ఏడాదంతా నడిచినా వచ్చేది సుమారు 788 కోట్ల యూనిట్లు. అలాంటి కేంద్రాలు దాదాపు మూడు ఉంటే గానీ పాత ఎథీరియానికి సరిపోయేది కాదు.

4. పాచికలు పక్కనపెట్టి, డిపాజిట్ పెట్టారు

దొంగ ఓటుకు ఖర్చు ఉండాలి, సరే. ఆ ఖర్చు కరెంటే కావాలా? ఈ ప్రశ్నకు మన చిట్టీల చట్టంలో జవాబు ఎప్పటి నుంచో ఉంది. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీ నడిపే ఫోర్‌మన్ పాటలు మొదలుపెట్టక ముందే సెక్యూరిటీ చూపించాలి. "నన్ను నమ్మండి" అనే మాట చాలదు. తప్పు చేస్తే పోయేది ఏదో ఒకటి ముందే పక్కన పెట్టి ఉంచాలి.

ఎథీరియం కొత్త పద్ధతి, ప్రూఫ్ ఆఫ్ స్టేక్, అచ్చం ఇదే తర్కం. పేజీలు రాసే పనిలో చేరాలనుకునేవాళ్లు 32 ఈథర్లు డిపాజిట్ పెట్టాలి. ఈథర్ అంటే ఆ నెట్‌వర్క్ సొంత కాయిన్. ఇలా చేరినవాళ్లను వాలిడేటర్లు అంటారు. ప్రతి 12 సెకన్లకు ఒకరి పేరు లాటరీ పద్ధతిలో వస్తుంది. పేరు వచ్చినవాళ్లు పేజీ రాస్తారు, మిగతావాళ్లలో ఒక బృందం సరిచూసి సంతకం చేస్తుంది. సరిగ్గా చేస్తే చిన్న బహుమతి. డ్యూటీకి రాకపోతే చిన్న జరిమానా. ఒకే సమయానికి రెండు వేర్వేరు పేజీలు రాసి మోసం చేయబోతే డిపాజిట్‌లో కోత పడుతుంది, బయటికి పంపేస్తారు.

పాచికల పోటీ లేదు కాబట్టి పెద్ద పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మామూలు కంప్యూటర్, ఆగని ఇంటర్నెట్ ఉంటే చాలు. అదే సంస్థ అంచనాలో మార్పు తర్వాత వాడకం ఏడాదికి సుమారు 26 లక్షల యూనిట్లు. ధరూర్ మండలం రేవులపల్లి దగ్గర మన ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు విద్యుత్ కేంద్రం సామర్థ్యం 234 మెగావాట్లు. అది పూర్తి సామర్థ్యంతో సుమారు 11 గంటలు నడిస్తే 26 లక్షల యూనిట్లు వస్తాయి. ఇంకోలా చెప్పాలంటే, నెలకు 100 యూనిట్లు వాడే ఇళ్లను తీసుకుంటే, ఒకప్పుడు కోటీ 90 లక్షల ఇళ్లకు సరిపడా కరెంటు వాడిన నెట్‌వర్క్ ఇప్పుడు 2,200 ఇళ్ల లోపు కరెంటుతో నడుస్తోంది.

మార్చిన తీరు కూడా పిల్లలకు చెప్పదగ్గది. పాత పుస్తకాన్ని ఆపి కొత్తది తెరవలేదు. డిపాజిట్ పద్ధతిలో నడిచే కొత్త చైన్‌ను 2020 డిసెంబరు 1న విడిగా మొదలుపెట్టారు. దాదాపు 21 నెలలు అది పాతదాని పక్కనే ఖాళీగా నడిచింది. జనం లెక్కలేవీ దాని మీద పెట్టలేదు. తర్వాత నిజమైన డబ్బు లేని మూడు పరీక్షా నెట్‌వర్క్‌ల మీద మార్పును చేసి చూశారు. 2022 జూన్‌లో రాప్‌స్టన్, జులైలో సెపోలియా, ఆగస్టులో గోర్లీ. మన పదో తరగతి పిల్లలకు పబ్లిక్ పరీక్షల ముందు ప్రీ ఫైనల్స్ పెట్టినట్టే. చివరికి 2022 సెప్టెంబరు 15న, మన టైము ప్రకారం మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు, రెండూ కలిశాయి. ఈ ఘట్టానికి 'ది మెర్జ్' అని పేరు. నెట్‌వర్క్ ఆగలేదు. ఖాతాలు ఉన్నవాళ్లు ఏమీ చేయాల్సిన అవసరం రాలేదు.

5. కరెంటు తగ్గితే వేగం పెరిగినట్టా?

చాలామంది పొరబడేది ఇక్కడే. మెర్జ్ వల్ల కరెంటు తగ్గింది గానీ వేగం దాదాపు అంతే ఉంది, ఫీజులూ తగ్గలేదు. అవి వేరే సమస్యలు, వాటికి వేరే మందు కావాలి.

ఎథీరియం అసలు చైన్ సెకనుకు పదిహేను లావాదేవీల స్థాయిలోనే రాసేది. మన యూపీఐతో పోల్చండి. 2023 ఆగస్టులో యూపీఐ మొదటిసారి నెలకు 1,000 కోట్ల లావాదేవీలు దాటింది. అంటే సెకనుకు సగటున 3,900కు పైగా. అయితే యూపీఐ పుస్తకాన్ని బ్యాంకులు, ఎన్‌పీసీఐ సంస్థ చూసుకుంటాయి, వాటిని మనం నమ్ముతాం. బ్లాక్‌చైన్‌లో ప్రతి లావాదేవీని వేల కంప్యూటర్లు మళ్లీ మళ్లీ సరిచూస్తాయి. ఆ జాగ్రత్తే దాని బలం, ఆ జాగ్రత్తే దాని బరువు.

పేజీలను పెద్దవి చేస్తే సరిపోదా? చేయొచ్చు. కానీ పెద్ద పేజీలు సరిచూడాలంటే పెద్ద కంప్యూటర్లు కావాలి. అప్పుడు సరిచూసేవాళ్లు పెద్ద కంపెనీలే మిగులుతారు. అందరి చేతిలో పుస్తకం అన్న మొదటి మాటే పోతుంది.

ఎథీరియం ఎంచుకున్న దారి మన స్కూల్లో అటెండెన్స్ తీసుకునే పద్ధతికి దగ్గరగా ఉంటుంది. 1,200 మంది పిల్లలున్న స్కూల్లో ప్రిన్సిపాల్ ఒక్కొక్కరి పేరూ పిలవరు. 30 సెక్షన్లలో 30 మంది క్లాస్ టీచర్లు 40 మంది చొప్పున పిలిచి, ఒక్కో షీటు ఆఫీసుకు పంపుతారు. ఆఫీసు రిజిస్టర్‌లో పడేది 30 వరుసలే. అనుమానం వస్తే ఆ షీటు తీసి చూడొచ్చు. అలాగే వేల లావాదేవీలను పక్కన ఇంకో నెట్‌వర్క్‌లో జరిపించి, అన్నిటినీ ఒక మూటగా కట్టి, సారాంశం మాత్రం అసలు పుస్తకంలో రాస్తారు. ఈ మూటలను రోలప్‌లు అంటారు. ఆర్బిట్రమ్, ఆప్టిమిజం అనేవి ఇలాంటి నెట్‌వర్క్‌లే.

మూట కట్టినవాళ్లు మోసం చేస్తే? దానికి రెండు ఏర్పాట్లు ఉన్నాయి. ఒక రకం రోలప్‌లో అభ్యంతరం చెప్పడానికి సుమారు వారం గడువు ఇస్తారు. తప్పు చూపించగలిగితే ఆ మూట చెల్లదు. రెండో రకంలో మూటతో పాటే "ఈ లెక్క సరైనదే" అని చెప్పే గణిత రుజువు జత చేయాలి. రుజువు నిలవకపోతే మూటను అసలు తీసుకోరు.

ఇంకో ఇబ్బంది మిగిలింది. మూటలోని వివరాలను అసలు పుస్తకంలో శాశ్వతంగా పెట్టాలంటే ఫీజు ఎక్కువ. 2024 మార్చి 13న జరిగిన డెంకన్ అప్‌గ్రేడ్ దీన్ని తేలిక చేసింది. వివరాలను సుమారు 18 రోజులు మాత్రమే అందరికీ కనబడేలా ఉంచి తర్వాత తీసేయొచ్చు. నోటీసు బోర్డు మీద మార్కుల లిస్టు పెట్టినట్టు అన్నమాట. అభ్యంతరం ఉన్నవాళ్లు చూసుకోవడానికి కొన్నాళ్లు ఉంటుంది, ఆ తర్వాత రిజిస్టర్‌లో ముద్ర ఒక్కటే మిగులుతుంది. దీంతో రోలప్‌ల మీద ఫీజులు బాగా తగ్గాయి. 2025 మే 7న వచ్చిన పెక్ట్రా అప్‌గ్రేడ్ ఈ నోటీసు బోర్డును ఇంకా పెద్దది చేసింది.

2025 డిసెంబరులో వచ్చిన ఫుసాకా అప్‌గ్రేడ్‌లోని ఆలోచన మన వంటింట్లోదే. అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెలో మెతుకులన్నీ పట్టి చూడం, ఒక్క మెతుకు నొక్కితే చాలు. అలాగే బోర్డు మీద ఉన్న మొత్తాన్ని ప్రతి కంప్యూటరూ దించుకోకుండా, ఒక్కొక్కటి కొంత భాగమే తీసుకుని చూస్తుంది. అంతా కలిపి చూస్తే మొత్తం అక్కడ ఉందో లేదో గట్టిగా చెప్పొచ్చు. ఇది పూర్తిగా సంభావ్యత పాఠం.

6. మన దగ్గర ఎక్కడ వాడుతున్నారు?

తెలంగాణ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ 'టీ-చిట్స్' పేరుతో రిజిస్టర్ అయిన చిట్టీల రికార్డులను బ్లాక్‌చైన్ మీదికి తెచ్చింది. సీబీఎస్ఈ 2021లో మార్కుల ధ్రువపత్రాలు మార్చడానికి వీల్లేకుండా, కాలేజీలు, ఉద్యోగం ఇచ్చేవాళ్లు నేరుగా సరిచూసుకునేలా అకడమిక్ బ్లాక్‌చైన్ డాక్యుమెంట్స్ అనే ఏర్పాటు చేసింది. కేంద్రం 2024 సెప్టెంబరు 4న ప్రారంభించిన 'విశ్వస్య' బ్లాక్‌చైన్ వేదిక భువనేశ్వర్, పుణెతో పాటు హైదరాబాద్‌లోని ఎన్ఐసీ డేటా సెంటర్ల మీద నడుస్తుంది.

ఇలాంటి ప్రభుత్వ చైన్లలో మైనింగ్ ఉండదు. ఎవరు రాయాలో, ఎవరు సరిచూడాలో ముందే నిర్ణయించి ఉంటుంది కాబట్టి పాచికల పోటీ అక్కర్లేదు, కరెంటు ఖర్చు మామూలు సర్వర్లంతే. అయితే అక్కడ మన నమ్మకం ఆ సంస్థల మీదే ఉంటుంది.

ఎవరైనా చూడగలిగే చైన్‌ను వాడిన ఉదాహరణ మన రాష్ట్రాన్ని ఆనుకునే ఉంది. 2022లో మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా ఎటపల్లిలో సుమారు 65 వేల కుల ధ్రువీకరణ పత్రాలను పాలిగాన్ అనే నెట్‌వర్క్ మీద పెట్టే పని చేపట్టారు. పాలిగాన్ మన దేశపు ఇంజినీర్లు 2017లో మ్యాటిక్ పేరుతో మొదలుపెట్టిందే. ఎథీరియం అసలు చైన్ కన్నా ఫీజు చాలా తక్కువ కాబట్టి వేల సంఖ్యలో పత్రాలకు అలాంటిది కుదురుతుంది. స్కేలబిలిటీ అనే పెద్ద మాటకు మామూలు అర్థం ఇదే: ఒక్క పత్రానికి పనికొచ్చే పద్ధతి 65 వేల పత్రాలకు కూడా గిట్టుబాటు కావాలి.

7. గుర్తుంచుకోవలసిన పరిమితులు

మొదటిది: బ్లాక్‌చైన్ రాసినదాన్ని మార్చనివ్వదు, కానీ రాసింది నిజమా కాదా అన్నది దానికి తెలియదు. పత్రంలో ఇంటిపేరు తప్పు పడితే ఆ తప్పు కూడా అంతే భద్రంగా ఉంటుంది. మొదట నమోదు చేసే మనిషి జాగ్రత్తకు ప్రత్యామ్నాయం లేదు.

రెండోది: డిపాజిట్ పద్ధతికీ లోపం ఉంది. 32 ఈథర్లు మామూలు కుటుంబం పెట్టగలిగిన మొత్తం కాదు. చాలామంది తమ కాయిన్లను పెద్ద సంస్థల ద్వారా డిపాజిట్ చేస్తారు. కొన్ని సంస్థల చేతిలోనే ఎక్కువ ఓట్లు చేరితే అందరి పుస్తకం అన్న మాట బలహీనపడుతుందని నిపుణులు హెచ్చరిస్తూనే ఉన్నారు.

మూడోది: అందరూ మారలేదు. బిట్‌కాయిన్ ఇప్పటికీ పాచికల పద్ధతిలోనే నడుస్తోంది. దాని వాడకం ఏడాదికి 10 వేల కోట్ల యూనిట్ల పైనే ఉంటుందని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం అంచనా వేస్తోంది. కరెంటు ఎక్కువైనా ఆ పద్ధతే ఎక్కువ భద్రమని వాళ్ల వాదన.

8. తల్లిదండ్రులు అడగాల్సిన మూడు ప్రశ్నలు

టెక్నాలజీ మంచిదైనంత మాత్రాన దాని పేరు చెప్పి అమ్మే ప్రతి స్కీము మంచిది కాదు. "బ్లాక్‌చైన్ కాబట్టి మోసం జరగదు", "కరెంటు ఆదా చేసే కొత్త కాయిన్, నెలకు పది శాతం గ్యారంటీ" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో, మీటింగుల్లో చెప్పే మాటలు వింటే ఈ మూడు అడగండి.

ఒకటి: లెక్క ఎవరు సరిచూస్తున్నారు? అమ్మేవాడే సరిచూస్తుంటే అది ఒక్కరి పుస్తకమే, పేరు ఏదైనా.

రెండు: అబద్ధం ఆడితే వాళ్లకు పోయేది ఏంటి? ఎథీరియంలో డిపాజిట్ పోతుంది. రిజిస్టర్ అయిన చిట్టీలో సెక్యూరిటీ ఉంటుంది. మీకు చెబుతున్నవాళ్లు ఏం పక్కన పెట్టారు?

మూడు: లాభం ఎక్కడి నుంచి వస్తుంది? కొత్తగా చేరేవాళ్ల డబ్బే పాతవాళ్లకు లాభంగా ఇస్తుంటే చేరేవాళ్లు ఆగిన రోజు అంతా ఆగిపోతుంది.

క్రిప్టో కాయిన్ల మీద వచ్చే లాభానికి మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను ఉంది. పన్ను వేశారంటే ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చినట్టు కాదు. వీటి ప్రమాదాల గురించి రిజర్వు బ్యాంకు చాలాసార్లు హెచ్చరించింది. ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇది చదివి పిల్లలను ఏదో ఒక బ్లాక్‌చైన్ కోర్సులో చేర్పించాల్సిన పని కూడా లేదు. శేషాలు, ఘాతాలు, సంభావ్యత, ఒక మాటకు రుజువు అడిగే అలవాటు గట్టిగా ఉంటే ఆ చదువు తర్వాతైనా వస్తుంది.

9. పిల్లలకు ప్రశ్నలు

1. మన ఇంటి పుస్తకంలో పాలు 60ని 80 చేస్తే దొరికిపోయారు. 157 చేస్తే దొరుకుతారా?

2. పాచికలు నాలుగుకు బదులు ఐదు వాడితే సగటున ఎన్నిసార్లు వేయాలి?

3. 2,290 కోట్ల యూనిట్లు 26 లక్షలకు తగ్గితే ఎన్ని రెట్లు తగ్గినట్టు?

4. మన స్కూలు లైబ్రరీ రిజిస్టర్‌కు బ్లాక్‌చైన్ అవసరమా? ఎందుకు?

జవాబులు:

1. దొరకరు. 157కూ 60కీ తేడా సరిగ్గా 97, కాబట్టి శేషం మళ్లీ 11 వస్తుంది. మన సూత్రంలో లొసుగు ఇదే. అసలు హ్యాష్‌లో ఇలా సులువుగా ఒకే ముద్ర వచ్చే అంకెలు వెతికి పట్టుకోవడం సాధ్యం కాకుండా సూత్రం తయారుచేస్తారు.

2. 1,296 × 6 = 7,776 సార్లు. ఒక్క పాచిక పెరిగితే శ్రమ ఆరు రెట్లు.

3. సుమారు 8,800 రెట్లు.

4. దీనికి ఒకే జవాబు లేదు. అందరూ నమ్మే లైబ్రేరియన్ ఉన్నప్పుడు ఒక రిజిస్టర్ చాలు. నమ్మకం కుదరని చోటే ఇంత ఏర్పాటుకు అర్థం ఉంటుంది. పిల్లలు ఏ కారణం చెప్పారో నోటుబుక్కులో రాయించి, వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకురండి. లెక్కల టీచర్లతో కలిసి మాట్లాడుకుందాం.

ఈ పాఠంలో వచ్చిన మాటలు

బ్లాక్: లెక్కల పుస్తకంలో ఒక పేజీ.

హ్యాష్: పేజీ మీద వేసే ముద్ర సంఖ్య. లోపల ఏది మారినా ఇది మారుతుంది.

ప్రూఫ్ ఆఫ్ వర్క్: కరెంటు ఖర్చుపెట్టి పేజీ రాసే హక్కు గెలుచుకునే పద్ధతి.

ప్రూఫ్ ఆఫ్ స్టేక్: డిపాజిట్ పెట్టి, వంతు వచ్చినప్పుడు పేజీ రాసే పద్ధతి.

వాలిడేటర్: డిపాజిట్ పెట్టి పేజీలు రాసేవారు, సరిచూసేవారు.

రోలప్: వేల లావాదేవీలను మూటకట్టి, సారాంశం మాత్రం అసలు చైన్‌లో రాసే ఏర్పాటు.

స్కేలబిలిటీ: పని పెరిగినా వేగం, ఖర్చు అదుపు తప్పకుండా నడవగలగడం.